గుమ్మి ఉన్న చోటు

వరంగల్ మట్టెవాడలో మిర్చి గోదాము వెనక ఒక అర్ర కిరాయికి తీసుకుని మా ఇంటి సామాను అందులో వేయించిన ఏడాది డైరీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. డెబ్బైల చివరి మాట. నీలం అట్ట, చెమ్మకు కొద్దిగా ఉబ్బింది. సామాను జాబితా అందులో నాలుగు పేజీలు పట్టింది. నలభై మూడు వస్తువులు, వరస నంబర్లు, ఒక్కొక్కటి ఏ స్థితిలో ఉందో ఒక మాట. జాబితాలో తప్పు లేదు. మొన్న మళ్ళీ చూసుకున్నాను. ఆ సామాను బయటికి పోయాక మా అవ్వ తన ఇంట్లో తను ఒంటరిగా నడవలేకపోయింది. ఆ సంగతి మాత్రం ఏ పేజీలోనూ తిన్నగా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మా వైపు తల్లిని అవ్వ అంటాం. మాది పరకాల దగ్గర పల్లె. అప్పటికి ముప్పై ఏళ్ళ కింద మా నాయన వరంగల్‌లో ఇల్లు కొన్నప్పుడు పల్లెలో ఉన్న సామానంతా రెండు ఎడ్లబండ్ల మీద వేసుకొచ్చి, నడిమి అర్రలో ఒక గోడ పొడుగునా సర్దాడు. అవ్వ మంచం అటు చివర ఉండేది. ఇటు చివర దొడ్డి దర్వాజ. మంచం దిగగానే చేతికి తగిలేది టేకు సందుగ, పెద్ద చెక్కపెట్టె. దాని తర్వాత గుమ్మి. వెదురుతో అల్లి, మట్టీ పేడా కలిపి మెత్తి, వడ్లు పోసుకునే గుమ్మి. మనిషి ఛాతీ ఎత్తు ఉండేది. ఇద్దరు చేతులు కలిపితే గాని చుట్టు అందేది కాదు. దాని పక్కన నేల మీద ఇసుర్రాయి, అదే తిరగలి. చివరగా నీళ్ళ బిందెలు పెట్టుకునే గడంచె. అక్కణ్ణుంచి చెయ్యి చాపితే దర్వాజ గొళ్ళెం.

అవ్వ అందరికన్నా ముందు లేచేది. దొడ్లోకి పోయి, తన పని తాను చూసుకుని, కాగు కింద పొయ్యి ముట్టించేది. మేం లేచేసరికి అందరికీ వేడినీళ్ళు కాగి ఉండేవి. నాయన పోయాక కూడా ఆ పని ఆమె ఎవరికీ ఇవ్వలేదు. నా భార్య ఒకటి రెండుసార్లు ముందు లేవబోతే, “నువ్వు పండుకో పిల్లా, నీళ్ళు నా పని” అని కసిరింది.

నేను ఒక సర్కారు ఆఫీసులో రికార్డు సెక్షను చూసేవాణ్ణి. ఏటా పాత ఫైళ్ళు వేరుచేసి, మూటలు కట్టి, చీటీలు అంటించి, కింది గదిలో వేయించడం నా బాధ్యత. ఆ పని అయిన రోజున బీరువాల మధ్య నడుస్తుంటే నాకు ప్రాణం తేలికపడేది. ఇంటికొస్తే నడిమి అర్రలో ఇసుర్రాయి కాలికి కొట్టుకునేది. ఆ ఏడాది డైరీలో ఎనిమిది నెలల్లో అయిదుసార్లు రాసుకున్నాను, ‘ఇసుర్రాయి, కుడికాలు బొటనవేలు’ అని. గుమ్మి వెనక ఎలుకలు, సందుగ కింద తేళ్ళు. వడ్లు పోసుకునే అవసరం కూడా లేకుండా పోయింది. మా పొలం కౌలుకు చేసే ఆయన మిల్లు పట్టించిన బియ్యమే బస్తాల్లో పంపుతానన్నాడు. అమ్మేద్దామంటే నాయన సామాను. ఇంట్లో ఉంచుకుందామంటే చోటు లేదు. అందుకని గోదాములో అర్ర అడిగాను.

గోదాము మా వీధి చివరే. మిర్చి అడ్తి నడిపే సావుకారి నేను అడిగింది విని చాలాసేపు నవ్వాడు.

“సార్, మిర్చి బస్తాలు దించితే రేటు వచ్చినంక అవే లేచి పోతయి. మీ ఇసుర్రాయికి రేటు ఎప్పుడు రావాలె, ఎప్పుడు పోవాలె?”

“కొన్నాళ్ళు పెట్టుకుంటానండీ. ఇల్లు కొంచెం ఖాళీ అయితే చాలు.”

“పెట్టుకోండ్రి, నాకేం. మల్ల ఘాటు పట్టిందని నన్ననొద్దు.”

ఇంట్లో చెబితే నా భార్య సంతోషిస్తుందనుకున్నాను. ఆమె బియ్యం కడుగుతున్నది ఆపి, “అత్తమ్మను ఒక మాట అడుగుండ్రి” అంది.

“అడిగితే వద్దంటుంది.”

“వద్దంటే ఎందుకంటాందో అడుగుండ్రి.”

నేను అడగలేదు. దసరా ముందర ఎటూ ఇంటికి సున్నం వేయిస్తాం కాబట్టి అవ్వతో అదే చెప్పాను. సున్నాలకని సామాను బయట పెట్టిస్తున్నాను, నాలుగు రోజుల్లో మళ్ళీ లోపలికి తెప్పిస్తాను అని. “ఎప్పుడూ అర్ర నడుమకు జరిపి వేస్తరు గద సున్నం” అంది. ఈసారి నేల కూడా బాగు చేయిస్తున్నానన్నాను. “నాలుగు రోజులేనా?” అని రెండుసార్లు అడిగింది.

ఇద్దరు హమాలీలు వచ్చారు. అవ్వను బయట అరుగు మీద కూర్చోబెట్టాం. సందుగ, ఇసుర్రాయి, గడంచె, చిన్నాచితకా సామాను అంతా పోయాయి. గుమ్మి దగ్గరికి వచ్చేసరికి పెద్ద హమాలీ దాని చుట్టూ తిరిగి చూసి తల అడ్డంగా ఊపాడు.

“సారూ, ఇది లేపేది కాదు. పుట్టిన కాడనే ఉండాలె. లేపితే పలుగుతది.”

“మెల్లగా లేపండి.”

“మెల్లగ లేపినా పలుగుతది. కొత్తగున్నప్పుడు వచ్చిందేమో, ఇప్పుడు ముసలిదాయె.”

వడ్లు సంచుల్లోకి తీయించి, తాడు వేసి లేపించాను. దర్వాజ దాకా వచ్చింది. గడప దాటుతుండగా నడుము దగ్గర పగిలి, మట్టి పెళ్ళలు రాలి, వెదురు బయటపడింది. అరుగు మీద నుంచి అవ్వ, “గుమ్మి పలిగిందా కొడుకా?” అని అడిగింది. లేదవ్వా, గడప తగిలిందంతే అన్నాను. పగిలిన ముక్కల్ని గోతాంలో కట్టించి గోదాముకు పంపాను. జాబితాలో ఇరవై ఏడో నంబరు ఎదురుగా ‘శిథిలం’ అని రాశాను.

అలికిన మట్టినేల మీద గుమ్మి ఉన్న చోట గుండ్రంగా పల్లం పడి ఉంది. సందుగ కాళ్ళకు నాలుగు గుంటలు. మేస్త్రీ అన్నీ పూడ్చి, మీద ఎర్రరంగు కలిపి సిమెంటు గచ్చు చేశాడు. అవ్వ నులక మంచం తీసేసి ఇనుప మంచం వేయించాను. మూడో రోజు సాయంత్రం ఖాళీ గోడా, నున్నటి గచ్చూ చూసుకుంటూ నేను అటూ ఇటూ నడిచాను. ‘ఇల్లు ఇప్పుడు ఇల్లులా ఉంది’ అని ఆ రోజు పేజీలో ఉంది.

నాలుగు రోజులు దాటాయి. దసరా పోయింది, దీపావళి పోయింది, సంక్రాంతి కూడా పోయింది. అవ్వ రోజూ అడిగేది.

“సామాను ఎప్పుడొస్తది కొడుకా?”

“గచ్చు ఆరనీ అవ్వా.”

“ఇంకా ఆరలేదా? నా కాళ్ళకు పొడిగనే తాకుతాంది.”

వయసు మీదపడిన మనిషి, పాత వస్తువుల మీద మమకారం, నెమ్మదిగా మరిచిపోతుంది అనుకున్నాను. ఆమె మరిచిపోలేదు. పొద్దున లేవడం మాత్రం మానేసింది. మోకాళ్ళ నొప్పులు అంది. నా భార్య లేచేదాకా మంచం మీదే కూర్చునేది. వేడినీళ్ళ పొయ్యి నా భార్య పాలైంది. ఒకరోజు ఆమె నాతో అంది: “అత్తమ్మ దొడ్లెకు పోవాలంటే నా కొంగు పట్టుకుంటాంది. నేను చూస్తలేననుకుని పట్టుకుంటాంది.”

“మోకాళ్ళ నొప్పులు కదా.”

“మోకాళ్ళకు కొంగెందుకు?”

నేను ఆఫీసుకు టైమయిందని లేచాను.

ఆ తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం. నా భార్య పొరుగింటికి పోయింది. నడిమి అర్రలో కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని డైరీ రాసుకుంటున్నాను. ఎండ కిటికీలోంచి గచ్చు మీద పడి అర్రంతా వెలుగుగా ఉంది. అవ్వ మంచం దిగింది. సందుగ ఉండే వైపు చెయ్యి చాపింది. ఏమీ తగల్లేదు. ఇంకో అడుగు వేసి రెండు చేతులూ ముందుకు చాపి నిలబడింది. ఆమె మొహం నా వైపే ఉంది. మా మధ్య మూడు గజాల దూరం కూడా లేదు.

“ఎవలన్న ఉన్నరా?” అంది.

నేను పలకలేదు. ఎందుకు పలకలేదో ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నాను. అనుమానం అప్పుడే పుట్టింది. అది నిజమో కాదో చూద్దామని ఊరుకున్నాను. కాగితం సరిచూసుకునే గుమాస్తాలాగా ఊరుకున్నాను. అవ్వ ఇంకో రెండడుగులు వేసి అర్ర నడుమకు వచ్చేసింది. ఎటు తిరిగిందో తనకు తెలియలేదు. చుట్టూ చేతులు తిప్పింది. తర్వాత నెమ్మదిగా మోకాళ్ళ మీద కూర్చుని, అరచేతులు గచ్చుకు ఆనించి, పాకడం మొదలుపెట్టింది. గోడ దొరికేదాకా పాకింది. అది దొడ్డి దర్వాజ గోడ కాదు, వీధి వైపు గోడ.

అప్పుడు లేచి వెళ్ళి ఆమె భుజం పట్టుకున్నాను. అవ్వ ఉలిక్కిపడి, చీర సర్దుకుని, “సూది పడ్డది కొడుకా, దేవులాడుతాన” అంది. సూదిలో దారం ఎక్కించడం మానేసి ఆమెకు ఎన్నేళ్ళయిందో నాకు తెలియదు. చెయ్యి పట్టుకుని దొడ్లోకి తీసుకుపోయాను. ఆలస్యమైంది. చీర తడిసింది. నా భార్య వచ్చేదాకా ఆమె దొడ్లోనే గోడకు ఆనుకుని నిలబడింది, నన్ను లోపలికి పొమ్మంది.

మరుసటి రోజు సెలవు పెట్టి దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు ఆమె కళ్ళలోకి లైటు వేసి చూసి, నన్ను పక్కకు పిలిచాడు. పొర అయితే ఆపరేషను చేసేవాళ్ళమనీ, ఇది కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం చచ్చిపోవడమనీ చెప్పాడు. ఎన్నేళ్ళ నుంచో అయి ఉండాలి, ఒక్క ఇంట్లో ఉంటూ మీకెట్లా తెలియలేదు అని అడిగాడు.

తిరిగి వస్తుంటే రిక్షాలో అవ్వే మొదలుపెట్టింది.

“నాకు ఎరుకనే కొడుకా. మీ నాయన పోయిన మరుసటేడు ఒక కన్ను, ఇంకో రెండేండ్లకు ఇంకోటి.”

“చెప్పాలి కద అవ్వా!”

“చెప్తే ఏం జేస్తవ్? పొయ్యి కాడికి రానియ్యకపోదువు. చెయ్యి పట్టుకుని దొడ్లెకు తోల్కపోదురు. నా ఇంట్ల నాకు తొవ్వ ఎరుకే ఉండె. సందుగ, గుమ్మి, రాయి, గడంచె. నాకేం తక్కువుండె?”

ఇంటికి రాగానే పాత డైరీలు దించాను. అంతా నా చేతి రాతలోనే ఉంది. ‘కొత్త చొక్కా బాగుందని అవ్వ అన్నది. నేను వేసుకున్నది పాతది.’ ‘అవ్వ గోడ వైపు చూస్తూ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.’ ‘కరెంటు పోయింది. అవ్వ తప్ప అందరం తడుముకున్నాం.’ ఈ మూడోదాని పక్కన వేళాకోళంగా ఒక ఆశ్చర్యార్థకం కూడా పెట్టాను. అయిదేళ్ళ డైరీలలో ఇటువంటివి పదిహేడు దొరికాయి. ఒక్కొక్కటి రాసుకున్నాను గాని రెండిటిని పక్కపక్కన పెట్టి చూడలేదు.

ఆ వారమే సామాను తెప్పించాను. అదే హమాలీలు.

“సారూ, తీస్కపొమ్మన్నది మీరే, తెమ్మన్నది మీరే,” అన్నాడు పెద్దాయన సందుగ దించుతూ. “ఇది ఇల్లా, మార్కెట్ యార్డా?”

ఆర్నెల్లు మిర్చి పక్కన ఉన్నాయేమో, సందుగ మూత తీయగానే అందరం తుమ్మడం మొదలుపెట్టాం. అవ్వ కూడా తుమ్మింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా సందుగ అంచుల మీద చెయ్యి వేసి, “ఎవల ఇంట్ల పెట్టినవ్ దీన్ని? మిరపకాయలోళ్ళ ఇంట్లనా?” అంది. అప్పుడు మొత్తం చెప్పాను. సున్నం మాట అబద్ధమని, గుమ్మి పగిలిందని కూడా. ఆమె గుమ్మి గురించి మళ్ళీ అడగలేదు. “చప్పుడు ఇన్న” అంది, అంతే.

వస్తువులన్నీ వచ్చాయి, ఏది ఎక్కడ ఉండాలో తెలియలేదు. నా జాబితాలో వస్తువు పేరుంది, నంబరుంది, స్థితి ఉంది. గోడకు ఎంత దూరం, ఒకదానికొకటి ఎంత ఎడం అనేది లేదు. గుంటలేమో గచ్చు కింద ఉన్నాయి. అవ్వను మంచం మీద కూర్చోబెట్టి అడిగాను. “చెయ్యి పెడితే ఎరుకైతది గని నోటితోని ఎట్ల చెప్పాలె?” అంది. ఇనుప మంచం ఎత్తు ఆమెకు అలవాటు లేదు. పాత నులక మంచం వెతికి తెచ్చి మళ్ళీ వేశాం. ఆమె దిగి చెయ్యి చాపేది, నేనూ నా భార్యా సందుగను జరిపేవాళ్ళం.

“ఇంక జర ఇటు. అగో, ఎక్కువాయె. జానెడు ఎనకకు.”

“అత్తమ్మా, నీ కొడుకు ఆఫీసుల గూడ గింత కష్టపడి ఉండడు,” అంది నా భార్య. చాలా రోజుల తర్వాత అవ్వ నవ్వింది.

గుమ్మి ఉన్న చోటు ఖాళీగా ఉండిపోయింది. సందుగ వదిలి ఇసుర్రాయి కాలికి తగిలేదాకా ఆమె చేతికి ఆధారం లేదు. అక్కడికి వచ్చి ఆగిపోయేది. పల్లెకు పోయి, మేదరివాళ్ళ చేత అంతే కొలతలో కొత్త గుమ్మి అల్లించి, మెత్తించి, ఎండబెట్టించి బండి మీద తెచ్చాను. ఈసారి ఒక్క పెళ్ళ రాలలేదు. గచ్చు మీద పెట్టి, ఆమె చెప్పినట్టు అటూ ఇటూ జరిపాం. నేనొక్కణ్ణే జరపగలుగుతున్నానని సంతోషించాను.

నా భార్య దాన్ని వేళ్ళతో కొట్టి చూసింది. డొల్లగా మోగింది. “వడ్లు పొయ్యకుంటే ఇది గుమ్మి ఎట్లయితది?” అంది.

“వడ్లు పోస్తే మళ్ళీ ఎలుకలు.”

“పాతదాన్ల ఉండె గద వడ్లు.”

“ఇప్పుడు మనకు వడ్లతో పనేముంది?” అన్నాను.

అయిదు రోజులు అవ్వ నడిచింది. నేను పక్క మీద మెలకువగా పడుకుని వినేవాణ్ణి. సందుగ మూత మీద అరచేయి తట్టిన చప్పుడు, గుమ్మి మట్టి మీద చేతి కడియం రాసుకున్న చప్పుడు, పాదం ఇసుర్రాయికి తగిలిన చప్పుడు, గొళ్ళెం. తర్వాత పొయ్యిలో పుల్లలు చిటపటమనేవి. ‘అవ్వ నీళ్ళు కాచింది’ అని అయిదు రోజులూ రాశాను. వేలికొసలతో తాకుతూ పోతోందనీ, ఇంకా భారం వేయడం లేదనీ నాకు తెలియదు. ఆరోరోజు నమ్మకం కుదిరినట్టుంది. లేదా నిద్రమత్తు కావచ్చు. ముప్పై ఏళ్ళుగా ఆనుకున్నట్టే గుమ్మికి ఒళ్ళంతా ఆనించింది. వడ్లు నిండి, నేలలో దిగబడి ఉన్న పాత గుమ్మి ఆమె బరువుకు ఎన్నడూ కదిలింది కాదు. ఇది నున్నటి గచ్చు మీద సర్రున జారింది.

తుంటి ఎముక విరిగింది. ఆ వయసులో అతకదన్నారు. అవ్వ ఇంకో నాలుగేళ్ళు బతికింది, వయసు ఎనభై దాటింది, మంచం మాత్రం దిగలేదు. చెయ్యి పట్టుకుని తోల్కపోతారని దేనికి భయపడిందో, దానికి కూడా నోచుకోలేదు. ఎత్తి కూర్చోబెట్టడం, తుడవడం, చీర మార్చడం నా భార్య చేసింది, ఆదివారాలు నేను చేశాను. మొదట్లో నేను చేసేటప్పుడు ఆమె మొహం గోడకు తిప్పుకునేది. తర్వాత తిప్పుకోవడం మానేసింది.

పడిన పది రోజులకు నేను రెండు బస్తాల వడ్లు తెప్పించి గుమ్మిలో పోశాను. ఎందుకు పోశానో చెప్పలేను. వడ్లు జారే చప్పుడు విని అవ్వ మంచం మీది నుంచి, “వడ్లు పోస్తానవా?” అని అడిగింది. “ఆఁ అవ్వా” అన్నాను. “అంచు దాక పొయ్యకు. పురుగు పడ్తది,” అంది.

గోదాము అర్ర ఖాళీ చేసి తాళంచెవి సావుకారికి ఇచ్చేశాను. ఆయన ఈసారి నవ్వలేదు. వీధిలో అందరికీ తెలిసింది. “అవ్వకు ఎట్లుంది సార్?” అని మాత్రం అడిగాడు.

ఆ ఎండాకాలం ఒక ఆదివారం టేపు తీసుకుని నడిమి అర్ర కొలిచాను. గోడకు సందుగ ఎంత, సందుగకు గుమ్మి ఎంత, గుమ్మికి రాయి ఎంత, రాయికి గడంచె ఎంత. ముందు ఏడాది జాబితా రాసిన పేజీల అంచుల్లోనే ఆ అంకెలు వేస్తున్నాను. టేపు వెనక్కి చుట్టుకునే చప్పుడుకు అవ్వ కళ్ళు తెరిచింది.

“ఏం కొలుస్తానవ్ కొడుకా?”

“నీ మంచం కాడికెళ్ళి దొడ్డి దర్వాజ దాకా.”

“ఎంతున్నది?”

“అయిదు గజాలు.”

అవ్వ చెయ్యి మంచం పట్టె మీది నుంచి లేచి, సందుగ అంచు వెతుక్కుని, దాని మీద ఆగింది.

“గంతేనా?” అంది.